చెవుల మాట మరిచిన మా అవ్వ

నా చిన్నప్పుడు మా ఊరి బడిలో పిల్లలు పాఠం చదివే శబ్దం కంటే చెంపల మీద పడే దెబ్బల శబ్దమే ముందు వీధిలోకి వినపడేది. ఇది చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు, అవ్వ కోతలు కోస్తోంది అంటారు. కోతలు కాదు నాయనా, నా ఎడమ చెవిని అడగండి. రాకెట్ లేచిన రోజు సూళ్లూరుపేటలో మా ఇంటి కిటికీలు గడగడా వణుకుతాయి, మనవరాలు గంతులేస్తుంది, నాకు మాత్రం ఆ మోత కుడిపక్క నుంచే వస్తుంది. ఎడమపక్క ఏమీ ఉండదు.

మా ఊరు పులికాట్ ఉప్పునీళ్ళకు ఇవతల, వరి మడులు అయిపోయి చవిటి నేల మొదలయ్యే చోట ఉండేది. బడి అంటే ఒకటే పెంకుటి గది. అన్ని తరగతులూ అందులోనే, అందరికీ ఒకే అయ్యవారు. మా వైపు ఐవోరు అనేవాళ్ళం. ఉప్పుగాలికి గోడల సున్నం పెచ్చులుగా ఊడి మా నెత్తిన రాలేది. ఐవోరి బల్ల మీద తెలుగు వాచకం, సుద్దముక్క, వాటి పక్కన చింతబరికె ఉండేవి. ఆ బరికె మేమే వంతులవారీగా కోసి తేవాలి. సన్నగా, వంచితే సాగేది తెస్తే ఐవోరు మెచ్చుకునేవాడు. ఎండుపుల్ల తెస్తే దాన్ని తెచ్చినవాడి వీపు మీదే విరిచి, ఇంకోటి తెమ్మని తరిమేవాడు. తన్నులు తినేదీ మేమే, తన్నే బరికె ఏరి తెచ్చేదీ మేమే. ఏం బతుకో అది!

పిల్లల్ని బడిలో వేసే రోజున ఇంటి పెద్దలు ఐవోరికి ఒక మాట ఇవ్వడం మా ఊరి ఆచారం. మరమరాలూ బెల్లమూ పళ్ళెంలో పెట్టి, తమలపాకులిచ్చి, "కళ్ళు రెండూ వదిలిపెట్టి మిగతా తోలంతా వొలిచినా మేం అడగం ఐవోరా" అనాలి. ఆ మాట అనని ఇంటి పిల్లలకు చదువు రాదని అందరి నమ్మకం. నా తరఫున ఆ మాట అన్నది మా అవ్వ, మా నాయన తల్లి. అన్నది కూడా మామూలుగా కాదు. పళ్ళెం బల్ల మీద టక్కున పెట్టి, నా పిలక జడ పట్టుకుని ఐవోరి ముందుకు తోసి మరీ అంది.

మా అవ్వ చెయ్యి తక్కువది కాదు. చేతిలో చీపురుంటే చీపురుతో, గరిటె ఉంటే గరిటెతో కొట్టేది. మా మడికి రావలసిన నీళ్ళు దొంగతనంగా మళ్ళించుకున్న మనిషిని ఆమె బురదలోకి తోసి, మెడ మీద కాలు పెట్టి, గట్టు మళ్ళీ కట్టించేదాకా తియ్యలేదట. నా కోపం ఆమె నుంచే వచ్చింది. కానీ నేను చదువుకోవాలని ఇంట్లో అందరికంటే ఎక్కువగా ఆశపడింది కూడా ఆమే. ఒకసారి రోడ్డు మీద బస్సు ఆగితే, నేను దాని నెత్తిన ఉన్న అక్షరాలు కూడబలుక్కుని 'సూ-ళ్లూ-రు-పే-ట' అని పైకి చదివాను. అవ్వ ఎవరినీ అడగకుండా ఆ బస్సెక్కింది. బస్సు నిజంగానే సూళ్లూరుపేటలో ఆగింది. ఆ సంగతి ఆమె ఊరంతా టముకు వేసింది. "నా మనవరాలు చెప్తే బస్సు పొయ్యింది" అని. ఆ రోజు నుంచి నాకు చదువంటే ప్రాణం. బడంటే మాత్రం ప్రాణభయం.

ఆ భయమంతా పాఠం చదివే గంటలో ఉండేది. గోడ పొడుగునా వరసగా నిలబడి ఒక్కొక్కరం ఒక్కో వాక్యం చదవాలి. ఒకడు తడబడితే ఆ వాక్యం పక్కవాడికి పోతుంది. పక్కవాడు సరిగా చదివితే, చదవలేనివాడి ముక్కు ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో చెంప మీద ఛెళ్ళున కొట్టాలి. అది మా బడి రూలు. దెబ్బ మెత్తగా పడితే ఐవోరు లేచి వచ్చేవాడు. "కొట్టేది చేతగాదా? ఇట్టా కొట్టాల" అని కొట్టినవాడికే కొట్టి చూపించేవాడు. అందుకని మేమెవరం మెత్తగా కొట్టేవాళ్ళం కాదు. బడి వదిలాక ఆ కక్షలన్నీ వీధిలో తీరేవి. నా పెదవి చిట్లిన రోజులున్నాయి. నేను ఇంకొకడి ముంజేయి కొరికి, రక్తం చూసి, హమ్మయ్య అనుకున్న రోజులూ ఉన్నాయి. పిల్లల పోట్లాట పెద్దలకు పాకి, ఆడవాళ్ళు బావి దగ్గర జుట్లు పట్టుకునేవాళ్ళు. దండం దశగుణం భవేత్ అని ఐవోరు ఊరికే అనేవాడు. పది గుణాలేమో గానీ, ఊరంతా తన్నులాటలు మాత్రం వచ్చాయి.

మా పక్కింట్లో ఒక సాయిబు కుటుంబం ఉండేది. ఆయన ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. నేను మామా అనేదాన్ని. ఆయన కూతురు నాకంటే పెద్దది, నాకు అక్క. బడిలో అందరికంటే బాగా చదివేది ఆ అక్కే. బాగా చదవడమంటే ఆ బడిలో ఎక్కువమందిని కొట్టడమే కదా! ఎవరికీ రాని వాక్యాలన్నీ తిరిగి తిరిగి చివరకు ఆమె దగ్గరికే చేరేవి. ఇంటికి పోయాక అక్క చాలాసేపు బూడిదతో చెయ్యి తోముకునేది. సిరా అంటుకుందేమో అనుకునేదాన్ని. సిరా ఎక్కడిది, మా దగ్గర ఉన్నవి పలకలే.

వానలు తగ్గి, నాట్లు పడుతున్న రోజుల్లో మా పాఠంలో రైతు గురించి వచ్చింది. నా వంతు వాక్యంలో 'వ్యవసాయదారుడు' అనే మాట ఉంది. మా ఇంట్లో పుట్టినప్పటి నుంచి సేద్యం అనే మాటే విన్నాను. ఆ మాట నోట్లోకి రాలేదు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. అప్పటికే ఆ గంటలో నలుగురైదుగురు దెబ్బలు తిని ఉన్నారు. ఒక పిల్లవాడు లాగు తడుపుకుని మూల నిలబడ్డాడు. ఐవోరు మంచి ఊపు మీద ఉన్నాడు.

నా పక్కన అక్క ఉంది. ఆమె వాక్యం గడగడా చదివేసింది. నా ముక్కు పట్టుకుంది. చెంప మీద ఊరికే తాకించింది, అంతే. ఐవోరు బల్ల దగ్గర నుంచి రెండంగల్లో వచ్చి అక్కను ఎలా కొట్టాలో చూపించాడు. ఆమె తల గోడకు తగిలింది. మళ్ళీ కొట్టమన్నాడు. అక్క ఏడుస్తూ కొట్టింది, ఈసారి గట్టిగానే, కానీ ఆయనకు చాలలేదు. "చెలిమి చేస్తున్నారా బళ్ళో?" అని అరిచి, అక్కను పక్కకు నెట్టి, తన అరచేత్తో నన్ను కొట్టాడు. నేను ముఖం తిప్పాను కాబోలు, దెబ్బ చెవి మీద పడింది. లోపల ఏదో పగిలినట్టయింది. గదిలో అందరి నోళ్ళూ కదులుతున్నాయి గానీ నాకు ఒక్కటే కూత వినపడుతోంది. మెడ మీద వెచ్చగా కారుతుంటే చెమట అనుకుని తుడుచుకున్నాను. చెయ్యి ఎర్రబడింది.

ఇంటికి పోతే అవ్వ అరుగు మీద చేట పెట్టుకుని బియ్యం చెరుగుతోంది. బడి వదలకముందే వచ్చానని చూసి, ఏమని అడగకుండానే వీపు మీద ఒకటి చరిచింది. "ఏం ఎలగబెట్టి వొచ్చినావే?" అని రెండోది వేయబోయి, నా జాకెట్ భుజం మీద రక్తం చూసింది. చేట కింద పెట్టింది. నా తల తన వైపు తిప్పి చెవిలోకి చూసింది. ఆమె ఏమందో నాకు వినపడలేదు, ఆమె నా ఎడమపక్క ఉంది. అమ్మ పొలం నుంచి వచ్చి చూసి శోకాలు పెట్టింది. ఇక చాలు, రేపటి నుంచి నాతో నాట్లకు వస్తుంది, చదివి ఊళ్ళేలేది లేదు అని తేల్చేసింది. నాయన కూడా సరే అన్నాడు. ఆ గదిలోకి మళ్ళీ అడుగు పెట్టాలంటే కాళ్ళు రావు, బస్సు మీద అక్షరాలు ఇంకెప్పుడూ చదవలేనేమో అంటే ఏడుపు ఆగదు. అవ్వ ఆ పూట ఎవరినీ తిట్టలేదు. ఆమె తిట్టకపోతే ఇంట్లో అందరికీ భయం వేసింది.

తెల్లారి నా జడ తనే వేసి, రెక్క పట్టుకుని బడికి బయలుదేరింది. అప్పటికే సంగతి ఊరంతా పాకింది. ఈ ముసల్ది ఐవోరి పని పడుతుందిరా అని నాట్లకు పోవలసినవాళ్ళు కూడా వెనకే వచ్చారు. మా నాయన వచ్చాడు. పక్కింటి సాయిబు మామ కళాయి సంచి భుజాన వేసుకుని వచ్చాడు, ఆయన కూతురి చెంప కూడా వాచే ఉంది మరి. కిటికీల దగ్గర తలలు నిండిపోయాయి. అందరూ ఎదురుచూస్తున్నది ఒక్కదాని కోసమే, అవ్వ మొదటి దెబ్బ ఎప్పుడు వేస్తుందా అని.

అవ్వ కొట్టలేదు. చెప్పులు గడప బయట వదిలి, పిల్లల వరసలో నా పక్కన నిలబడింది. ఐవోరు తెల్లబోయాడు.

"ఏందమ్మా ఇది?"

"చదువుకోను వొచ్చినా ఐవోరా. అడుగు నన్ను కూడా."

ఆయన నవ్వబోయాడు. కిటికీల వైపు చూసి ఆ నవ్వు మానుకున్నాడు. ఇంటికి పొమ్మన్నాడు. అవ్వ కదలలేదు. నా చేతిలో వాచకం తీసుకుని, కాసేపు దాన్ని చూసి, నాకు రాదు అని గట్టిగా చెప్పింది. అంతటితో ఆగలేదు. పక్కింటి అక్కను పిలిచింది. "రామ్మా, నాకు రాలేదు. నువ్వు చదివేసి నా ముక్కు పట్టుకోని కొట్టు. రూలు పిలకాయలకేనా, ముసలోళ్ళకి లేదా?"

పెద్దవాళ్ళ మీద చెయ్యెత్తడమంటే మాకు ఊహకు కూడా అందని పని. అవ్వ నిజంగానే వంగి ముఖం ముందుకు పెట్టింది. ఆ ముడతల ముఖం అంత దగ్గరగా చూసి అక్క రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. అప్పుడు సాయిబు మామ లోపలికొచ్చాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. సంచి కింద పెట్టి అవ్వ పక్కన నిలబడి, "నాకూ రాదు ఐవోరా. నా బిడ్డ చేత్తో నన్ను కొట్టించండి" అన్నాడు. అక్క వెక్కి వెక్కి ఏడ్చింది. అవ్వ కిటికీల వైపు తిరిగి, మీకొచ్చా చదువు, రాకపోతే వరసలోకి రండి, ఊరంతా నిలబడదాం అని కేక వేసింది. అప్పటిదాకా వేడుక చూస్తున్న వాళ్ళు తలలు వంచుకున్నారు. ఆ ఊళ్ళో చదవగలిగిన పెద్దవాడు ఐవోరు ఒక్కడే.

ఐవోరికి అవమానంగా ఉంది. మీరే కదా తోలు వొలవమన్నారు, ఇప్పుడు ఊరిని వెంటేసుకుని వస్తారా అని అరిచాడు. దానికి అవ్వ చెప్పిన జవాబు మా ఊళ్ళో చాలాకాలం నిలిచింది.

"అన్నా. నా నోటితోనే అన్నా. కళ్ళు వదిలిపెట్టమన్నా, చెవులు వదిలిపెట్టమనేది మరిచిపొయినా. ఇయ్యాళ ఆ మాట ఎనక్కి తీసుకుంటుండా. చెవులు మావి, ఈపు మాది, తోలు మాది. చదువొక్కటి నీది, అది ఇయ్యి."

ఐవోరి చేతిలో బరికె ఉంది. కావాలని కొట్టాడని నేనిప్పటికీ అనుకోను. అన్నేళ్ళ అలవాటు, ఎదురు మాట చెవిన పడితే చెయ్యి దానంతటదే లేస్తుంది. బరికె గాలిలో కూసి అవ్వ ముంజేతి మీద పడింది. మట్టిగాజులు చిట్లాయి. చర్మం చీలి గీత పొడుగునా రక్తం ఉబికింది.

ఆ వెంటనే మా నాయన కిటికీలోంచి లోపలికి దూకాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు. బల్ల తలకిందులైంది. నాయన ఐవోరి చొక్కా పట్టి గోడకు అదిమాడు, పిడికిలి ఎత్తాడు. వెనక నుంచి చంపెయ్యరా అని ఎవరో అరిచారు. పిల్లలు కూడా అరిచారు. కొట్టండి, కొట్టండి అని గొంతు చించుకుని అరిచారు, ఆ కళ్ళు మెరుస్తున్నాయి. నిన్న లాగు తడుపుకుని మూల నిలబడ్డ పిల్లవాడు కింద పడిన బరికె తీసుకుని ముందుకు వచ్చాడు. అంతమందిలో ఎవరైనా ఒక్కడు మొదలుపెడితే ఆ మనిషి ప్రాణాలతో బయటపడేవాడు కాదు.

అవ్వ వాళ్ళ మధ్యలో దూరింది. నాయనను ఆపడానికి ఆమెకు తెలిసిన దారి ఒక్కటే కదా, చెంప మీద కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి రక్తం కారుతూ అలాగే పైన ఉండిపోయింది. ఆమె దాన్ని చూసింది. తర్వాత పిల్లల ముఖాలు చూసింది. ఆ చెయ్యి దించి, కొడుకు పిడికిలిని తన రెండు చేతుల్లో పట్టుకుంది.

"వొద్దు నాయనా. ఈడ తన్నులు చాలు. పిలకాయలు చూస్తుండారు."

మా అవ్వ నోటి నుంచి 'వొద్దు' అనే మాట అంత మెత్తగా రావడం నేనెప్పుడూ వినలేదు. నాయన కూడా వినలేదేమో, చెయ్యి వదులు చేశాడు. ఐవోరు గోడకు జారి కింద కూర్చున్నాడు. ఆయన కుడి చేతి చూపుడువేలు వంకరగా ఉండేది, అది పుట్టుకతో వచ్చింది అనుకునేవాళ్ళం. ఆ వేలు చూసుకుంటూ, మా ఐవోరు విరగ్గొట్టాడమ్మా, నాకట్టనే వచ్చింది చదువు అన్నాడు. అవ్వ ఆయన ఎదురుగా చతికిలబడింది. వస్తే వచ్చింది గానీ దీనికట్టా వద్దు అంది. నన్ను పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నిన్న ఆగిపోయిన ముక్క ఇప్పుడు కొట్టకుండా నాకు చెప్పమని ఐవోరితో అంది. తను చూస్తూ కూర్చుంటానంది.

ఐవోరు ఆ వంకర వేలు అక్షరాల కింద పెట్టాడు. వ్య అన్నాడు. నేను వ్య అన్నాను. నా కుడి చెవి ఆయన వైపు తిప్పుకుని ఒక్కొక్క అక్షరం అందుకున్నాను. చివరికి మొత్తం మాట ఒక్క గుక్కలో అనేశాను. అవ్వ దాని అర్థమేమిటని అడిగింది. సేద్యగాడు అవ్వా అన్నాను.

"సేద్యగాడు అనేదానికా ఇంత నెత్తురు!" అంది అవ్వ. కిటికీ దగ్గర ఎవరో పకాలున నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు, ఏడుస్తూ నవ్వారు.

ఐవోరు ఒక్కరోజులో మారిపోయాడని చెబితే అబద్ధం అవుతుంది. కోపం వస్తే పళ్ళు నూరేవాడు, బల్ల మీద గుద్దేవాడు. కానీ కోతలయ్యేదాకా మా అవ్వ రోజూ బడి గడప దగ్గర చేట పెట్టుకుని కూర్చుంది. ఆయన చెయ్యి లేచినప్పుడల్లా చేట చప్పుడు ఆగేది, ఆయన చెయ్యి దిగేది. ముక్కు పట్టుకునే రూలు అలా పోయింది. పిల్లలకు భయం పోయి చెడిపోతున్నారని ఊళ్ళో సణిగినవాళ్ళూ ఉన్నారు. పక్కింటి అక్క తడబడిన వాళ్ళ పక్కన కూర్చుని అక్షరాల కింద వేలు పెట్టి చూపించేది. ఇంట్లో అవ్వ మమ్మల్ని కొట్టడం మానేసింది గానీ, చెయ్యి ఆగిన కొద్దీ నోరు పెరిగింది. ఆ తిట్లు తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

నేను మాత్రం ఆమె పోలికే. ఈ వయసులో కూడా కోపం ముక్కు మీదే ఉంటుంది. నా కొడుకు తడ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోతే, మనవరాలిని చదివించేది నేనే. మొన్న ఆ పిల్ల ఒక మాట దగ్గర ఆగింది. చెప్పాను. మళ్ళీ అక్కడే ఆగింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఆగి, ఇకిలించింది. నా ఒళ్ళు మండింది. నాకు తెలియకుండానే నా కుడి చెయ్యి పైకి లేచింది. లేచాక తెలిసింది. ఆ చెయ్యి దింపాలో దాచుకోవాలో తోచలేదు.

మనవరాలు తల వంచలేదు, కళ్ళు మూసుకోలేదు. నా చెయ్యి వైపు చూసి, ముఖమంతా నవ్వు చేసుకుని, ఎగిరి తన అరచేత్తో నా అరచేతిని ఛెళ్ళున తట్టింది. "హైఫై అవ్వా!" అంది. బళ్ళో వాళ్ళ టీచరు రోజూ అలా చేస్తుందట.

పెద్దవాళ్ళ చెయ్యి ఇంకెందుకైనా లేస్తుందని ఆ పిల్లకు తెలియదు. నేను చెయ్యి అలాగే పైన పట్టుకుని, ఇంకోసారి కొట్టమన్నాను.